మాట చివరి ‘కు’

పైనుంచి నాతో మాట్లాడేటప్పుడు ‘కు’తో ముగిసే మాటలు వాడొద్దని మా బావకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

ఇళ్ల మధ్య పెరిగిన చెట్లు కొట్టడం మా పని. బావ నడుముకి తాడు కట్టుకుని పైకెక్కి రంపంతో కొమ్మలు కోస్తాడు. కోసే ముందు ఆ కొమ్మకి ఇంకో తాడు కట్టి, పైనున్న గట్టి పంగలోంచి కిందికి జారవిడుస్తాడు. ఆ తాడుని నేను చెట్టు మొదలుకి చుట్లు వేసి పట్టుకుంటాను. కొమ్మ తెగాక చుట్లు సడలిస్తూ మెల్లగా దించుతాను. దిగినవాటిని అక్క ఈడ్చుకెళ్లి బండిలో వేస్తుంది. అంటే మా ఇద్దరిలో ఎవరు తేడా చేసినా కొమ్మ పడేది మా అక్క నెత్తిమీదే.

ఇంత చిన్న సంగతి ఆయన బుర్రకెక్కదు. చేతిలో రంపం బుర్రుమంటుంటే దాన్ని ఆపకుండానే అరుస్తాడు. మన మాటల్లో వద్దన్న సంగతంతా చివర్న తోకలా వేలాడుతుందాయె. రంపం హోరు ముందు మింగేది ఆ తోకనే. ‘లాగకు’ అంటే నాకు ‘లాగు’ అని వినపడుతుంది. ‘దించకు’ అంటే ‘దించు’ అని.

ఆరోజు పొద్దున కూడా బండి దగ్గర తాళ్లకి ఎక్కడైనా పీచు లేచిందేమోనని తడిమి చూస్తూ మళ్లీ మొదలెట్టాను.

“బావా, రంపం ఆపాకే నోరు తెరువు. ‘కు’ వచ్చే మాట మాత్రం నాకు చెప్పకు.”

“చెప్పకు అని నువ్వే అన్నావుగా!” అన్నాడు బావ. అక్క కూడా పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

“పోనీ, ‘ఆగు’ అను.”

“అది నీ చెవిలో ‘లాగు’ అని పడుతుంది బామ్మర్దీ.”

అదీ నిజమే. “అయితే ‘రాయి’ అను. ఆ మాట వినగానే రాయిలా ఉండిపోతాను.”

“అందులో నీకు కొత్తేముంది?” అనేసి హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయనతో వేగడం నావల్ల కాదనుకున్నాను.

ఆరోజు మేం పనికెళ్లిన ఇంటి పెరట్లో చెట్టు బాగా ముదిరిపోయింది. దాని లావుపాటి కొమ్మొకటి వంటింటి కప్పు మీదికి వాలింది. ఇంటావిడ కిటికీలోంచి మాటిమాటికీ తొంగిచూసి, “ఇంకా ఎంతసేపు?” అని అడుగుతోంది. ఎవరైనా చూస్తుంటే చాలు, మా బావకి ఎక్కడలేని హుషారూ వస్తుంది.

“కింద ఆ చెత్తంతా అలాగే ఉంది, తొందరగా తియ్యి!” అని పైనుంచి అక్కని కేకేశాడట. నేను చెయ్యి ఎత్తితే తప్ప ఆమె కొమ్మ కిందికి రాకూడదు. మా పద్ధతి అది. కానీ మొగుడు తొందర పెడుతుంటే పద్ధతి ఎవరికి గుర్తుంటుంది? తాడు మొదలుకి చుట్టి దాని వెనక నిలబడ్డ నాకు ఆ కేక అందలేదు, అక్క కనపడలేదు. నా చూపంతా కొమ్మ మీదే ఉంది.

కొమ్మ ఫటేలున తెగి తాడు మీద ఊగింది. ఆ బరువుకి నా భుజాలు పట్టేశాయి. రంపం ఇంకా బుర్రుమంటూనే ఉంది.

“వదల్...” అని వినపడింది.

వదలమన్నాడనుకుని ఒక చుట్టు తీసేశాను.

తాడు నా చేతి తొడుగుల్లోంచి సర్రున జారింది. అప్పుడు బావ ముఖం చూశాను. అది వదలమన్నవాడి ముఖం కాదు. గబుక్కున తాడుని మళ్లీ మొదలుకి తిప్పి, ఒంటి బరువంతా వేసి వెనక్కి పడ్డాను. తాడు బిగుసుకుంది.

మొదలు పక్కనుంచి చూస్తే అక్క. రెండు చేతులా రెమ్మలు పట్టుకుని వంగి ఉంది. కొమ్మ చివరి ఆకులు ఆమె హెల్మెట్‌ని రాస్తున్నాయి. పైకి లేవబోయింది, హెల్మెట్ కొమ్మకి ఠక్కున కొట్టుకుంది, కూలబడి, మోకాళ్ల మీద పాకుతూ బయటికొచ్చింది. ఆ తర్వాతే కొమ్మని నేల మీదికి దించాను.

బావ దిగీ దిగగానే నా మీద పడ్డాడు.

“వదలకు అన్నాను కదరా!”

“నాకు వదులు అని వినపడింది! రంపం ఆపావా? రాయి అనమన్నానా లేదా?”

“నా పెళ్లాం కింద ఉంటే రాయీ రప్పా ఎవడికి గుర్తొస్తాయిరా? నోటికొచ్చింది అరిచాను!”

ఆ మాటకి నాకు ఇంకా మండింది, ఎందుకంటే అది అబద్ధం కాదు. గుండె ఆగిపోయేంత భయంలో నోటికి రావాల్సిన మాటని బండి దగ్గర నవ్వులాటగా ఒక్కసారి అనుకుని వదిలేశాం. పైగా కింద ఎవరున్నారో చూడకుండా చుట్టు తీసిన చేతులు నావి. ఎవర్ని తిట్టాలో తెలియక తాడుని నేలకేసి కొట్టాను.

కిటికీ తెరుచుకుంది. “ఇంకా ఎంతసేపు బాబూ?”

“అయిపోయిందండీ, ఇంకో కొమ్మే!” అంటూ బావ వంగి రంపం అందుకున్నాడు. నమ్ముతారా, అందుకున్నాడు! రెండో చెయ్యి అప్పుడే ఎక్కే తాడు మీదికి వెళ్లింది.

అక్క లేచి నిలబడింది. జుట్టు నిండా ఆకు ముక్కలు. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

“ఎక్కకు,” అంది.

గట్టిగా కూడా అనలేదు. రంపం ఆగి ఉంది. ఆ ‘కు’ మా ఇద్దరికీ స్పష్టంగా వినపడింది.