గాభరా నీలం

పొద్దున లాండ్రీ తలుపు తెరిచేసరికే ఆసుపత్రి దుప్పట్లు గుట్టలుగా పడి ఉండేవి. ఉతికి, పిండి, తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేసే వేడి రోలర్‌కి అందించాలి. ఒక కొస గాభరా పట్టుకుంటే ఇంకో కొస ఆమె తోడికోడలు పట్టుకునేది. గుట్ట కరిగేలోపు ఇంటి కబుర్లూ, అత్తగారి మీద ఫిర్యాదులూ అన్నీ తెమిలిపోయేవి.

గాభరా అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు గానీ కన్నవాళ్ళూ అలాగే పిలిచేవాళ్ళు. చిన్నప్పుడు తలుపు దబ్బున పడినా గుండె పట్టుకునేది. ఆమె దేన్ని చూసి భయపడితే అది నీలంగా మారేది. కాస్త భయానికి లేత నీలం, గట్టి భయానికి సిరా నీలం. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తగారి కళ్ళజోడు నీలమైంది. ఆవిడ కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. నాలుగు రోజులకి దానంతట అదే వెలిసిపోయింది.

రోలర్ ముందు ఒక అడ్డుపట్టీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే చాలు, మిషన్ ఆగిపోవాలి. ఆగినప్పుడల్లా పని వెనకబడుతోందని యజమాని దిండు గలీబు పీలికతో ఆ పట్టీని వెనక్కి లాగి కట్టేశాడు. తన చేత్తోనే కట్టాడు. ఒకరోజు తడి దుప్పటితో పాటు తోడికోడళ్ళిద్దరి చేతులూ లోపలికి పోయాయి. ఎవరో పరిగెత్తుకెళ్ళి కరెంటు తీసేశారు కాబట్టి వేళ్ళు మిగిలాయి.

ఒకే మిషన్, ఒకేలా కాలిన చేతులు. తోడికోడలు రోలర్‌ని నాలుగు బూతులు తిట్టి, దాని దగ్గర తప్ప అంతటా మామూలుగా తిరిగింది. గాభరా భయం మాత్రం రోలర్‌ని సిరా కన్నా ముదురు నీలం చేసి, అక్కడితో ఆగలేదు. గుండ్రంగా దొర్లేవన్నీ ముందు నీలమయ్యాయి: మొగుడి సైకిలు చక్రాలు, చుట్టిన చాప, పొడుగు దిండు. తర్వాత వేడిగా ఉండేవి. తర్వాత తెల్లగా ఉండేవి. ఇందులో ఆమె చేసిన పాపం ఏముంది? కాలిన భయం కాలినచోటే పడి ఉండే మనుషులు కొందరు. అలా పడి ఉండని మనసుతో పుట్టింది ఈమె. ఎలా పుట్టాలో ఎవరైనా అడిగి పుడతారా?

ఇంట్లోవాళ్ళు సర్దుకున్నారు. మొగుడు నీలం చెంబుతో మొహం కడుక్కుని, నీలం సైకిలెక్కి పనికి పోయేవాడు. కానీ ఒక రోజు, కూతురు తలుపు సందులో వేలు పెట్టబోతుంటే చూసి గాభరా కెవ్వుమంది. పిల్ల వేళ్ళు పదీ నీలమయ్యాయి. ఆ వేళ్ళు ఎక్కడ దూరతాయో, ఏది లాక్కుపోతుందో అన్న బెంగతో ఆమె వాటిని ముట్టుకోలేకపోయింది. రోడ్డు దాటేటప్పుడు కూడా పిల్ల చెయ్యి కాకుండా స్కూలు బ్యాగు పట్టుకునేది.

"అమ్మా, నేనేం చేశాను?" అని పిల్ల అడిగింది. గాభరా బాత్రూములోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఇది చాలదన్నట్టు లాండ్రీలో యజమాని ఒకటే దెప్పుడు. "నీ తోడికోడలికి లేని రోగం నీకేంటమ్మా? తప్పు మిషన్‌ది కాదు, నీ పిరికితనానిది" అని పదిమందిలో అనేవాడు. ముడి వేసినవాడు ధైర్యస్థుడూ, చేతులు కాల్చుకున్నది పిరికిదీ! వింటేనే ఒళ్ళు మండుతుంది.

చివరికి ఒకరోజు అందరినీ పిలిచాడు. రోలర్ స్థానంలో తెల్లగా మెరిసే మిషన్ నిలబడి ఉంది.

"కొత్తది కొన్నాను. ఇక ఏడుపులొద్దు. గాభరా, వచ్చి దుప్పటి పెట్టు. పెట్టనంటే రేపటి నుంచి రాకు."

గాభరా దగ్గరికి వెళ్ళింది. తెల్ల రంగు అడుగు నుంచి నీలం ఉబికి వచ్చింది.

"చూశారా?" అని యజమాని నవ్వాడు. "ఈవిడకి ఏదైనా ఒకటే. ఆ గోడ గడియారం కూడా నీలమే కదా!"

తోడికోడలు గడియారాన్ని చూసింది, మిషన్‌ని చూసింది. "ఒకటే ఎలా అవుతుంది సార్? గడియారం ఆకాశం రంగులో ఉంది. ఇది సిరా కన్నా ముదురు. అక్క ఇంత ముదురుగా భయపడింది ఒక్కదాన్ని చూసే. ఇది పాతదే. పైన రేకు మార్చి రంగేశారు."

ఇద్దరు ముగ్గురు కలిసి రేకు ఊడదీశారు. లోపల అదే రోలర్, అదే పట్టీ. దాన్ని వెనక్కి లాగి కట్టిన పీలిక ముడి మాత్రం నీలం దాటి నల్లబడిపోయి ఉంది.

గాభరా ఆ ముడి వంక చూసింది. చక్రాలూ, చాపలూ, చివరికి కన్నకూతురి వేళ్ళూ! ఇన్నాళ్ళూ భయపడాల్సింది దీనికా? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె గొంతు లేచింది.

"అవును సార్, నేను పిరికిదాన్నే. మీరు ధైర్యస్థులు కదా. ఆ ముడి అలాగే ఉంచి, ఒక్క దుప్పటి మీరు పెట్టండి."

ఎవరో స్విచ్ వేశారు. రోలర్ వేడెక్కి తిరుగుతోంది. యజమాని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఎవరూ దుప్పటి ముట్టుకోలేదు, ఎవరూ ఆయన్ని ఆదుకోలేదు. తోడికోడలు వెళ్ళి మిషన్ ఆపేసింది. దుప్పట్ల కోసం వచ్చిన ఆసుపత్రి బండి బయట హారన్ కొడుతోంది. ఆఖరికి ఆయనే వంగి, గోళ్ళతో గీరి గీరి ముడి విప్పాడు. నీలమంతా ఆయన వేళ్ళకు అంటుకుంది.

ముందు గడియారం వెలిసింది. సాయంత్రం స్కూలు గేటు దగ్గర కూతురి వేళ్ళు మామూలు రంగులో, పెన్సిలు మసితో ఉన్నాయి. గాభరా బ్యాగు వదిలి చెయ్యి పట్టుకుంది. గాభరా గాభరాగానే ఉంది లెండి, ఎదురుగా వచ్చిన బస్సు కాస్త నీలమైంది. అయినా పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

యజమాని సబ్బు పెట్టాడు, సోడా పెట్టాడు, బ్లీచింగులో నానబెట్టాడు. ఊరందరి మరకలూ పోగొట్టే లాండ్రీలో ఆయన వేళ్ళ మరక పోలేదు. ఆ తర్వాత ఏ మిషన్ దగ్గరైనా "ఏం కాదు, చెయ్యి పెట్టండి" అని ఆయన అంటే, ఆడవాళ్ళందరూ ముందు ఆ వేళ్ళ వంక చూసేవాళ్ళు. చూసి, పట్టీ సరిగా ఉందో లేదో తామే నొక్కి చూసుకునేదాకా ఒక్కరూ పనిలోకి దిగేవాళ్ళు కాదు.