నెరీడా పేరు పిలవండి

ఊరేగింపు కమిటీ పెద్దల్లారా! నెరీడాను పోలీసు లాఠీ ఒక్కసారే చంపింది. రెండోసారి చంపింది మీరు. మైకు పట్టుకుని, పట్టపగలు, నవ్వు మొహాలతో చంపారు.

మొదటి చావు న్యూయార్క్ రేవులో, ట్రాన్స్ ఆడవాళ్లు తలదాచుకునే గోదాముల దగ్గర. శవాన్ని అన్నదమ్ములు పట్టుకుపోయారు. జుట్టు కత్తిరించి, సూటు తొడిగి, మగపేరు చెక్కిన రాయి కింద పాతేశారు. శవపెట్టెలో ఆ సూటును చూసినప్పట్నించి ఒడెస్సాకు కంటి మీద కునుకు లేదు. కన్నవాళ్లు గెంటేసిన పిల్లల్ని చేరదీసి, కూడు పెట్టి, గౌను తొడిగి, పేరు పెట్టిన తల్లి ఆమె.

ఒడెస్సా ఇంటికో ఆచారం. పోయిన పిల్ల విగ్గును కడిగి, దువ్వి, కిటికీలో నిలబెడతారు. నలుగురి ముందు ఆమె పేరు పిలిచేదాకా లోపల పెట్టరు. పిలవకపోతే ఆ పిల్ల ఎక్కడికీ పోదు, ఇంట్లోనే తిరుగుతుంది. నెరీడా విగ్గు చలికాలమంతా కిటికీలోనే ఉంది. దువ్వుతుంటే ఒడెస్సా మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టుండేది.

"గే హక్కుల ఊరేగింపులో పిలిపిద్దామమ్మా," అంది చిన్న కూతురు యారిట్సా. "వాళ్లూ మనవాళ్లేగా!"

వెళ్లి అడిగితే, కమిటీలో క్లిఫర్డ్ అనే గే లాయరు టై సర్దుకున్నాడు. "పిలుస్తాం. కానీ ఈసారి గౌన్లొద్దు. ప్యాంట్లేసుకుని చివర్లో నడవండి. నగరసభ వాళ్లు చూస్తుంటారు. అందుకే చట్టంలోంచి మీ మాట కొట్టేశాం. ముందు మన హక్కుల చట్టం గట్టెక్కనీ, తర్వాత మీ సంగతి."

"మన బార్ల మీద పోలీసులు పడ్డప్పుడు ఎదురు తిరిగి సీసాలు విసిరిందెవరు నాయనా? అప్పుడు 'తర్వాత' అనలేదే!" అంది ఒడెస్సా.

"చూడు ఒడెస్సా, ఒక్క రోజు. అంతే."

ఒక్క రోజేగా అనుకున్నారు. మోసపోయింది అక్కడే. నెరీడా కోసమని అరువు కోట్లు తొడుక్కున్నారు.

వేదిక ముందు ఒడెస్సా వెనక్కి తిరిగి పిల్లల్ని చూసింది. పాలిపోయిన మొహాలు, బిగించిన కోట్లు. వరుసంతా పెట్టెలోని నెరీడాలే.

క్లిఫర్డ్ చనిపోయినవాళ్ల పేర్లు చదివాడు. చివర్న, రాతి మీది మగపేరు చదివాడు.

"ఎవడ్రా వాడు?" యారిట్సా అరిచింది. "ఆ పేరుగలవాడు మా ఇంట్లో ఎప్పుడూ లేడు!"

"ఆ వేషగాళ్లని గెంటండి!" ముందు వరుసలోంచి ఎవడో అన్నాడు.

"వేషమా? వేషం ఇవాళేసుకున్నాం రా, మీకోసం!"

ఒడెస్సా కోటు విప్పి నేలకేసి కొట్టింది. వెనక ఒక్కో కోటూ రాలింది. సంచిలోంచి విగ్గు తీసి, పైకెత్తి, వేదికెక్కింది. క్లిఫర్డ్ మైకు తీగ పీకించాడు. ఆ గొంతుకు తీగతో పనేంటి?

"నెరీడా!"

అప్పుడు లెస్బియన్ ఆడవాళ్ల గుంపులోంచి లాండ్రీ కూలి బర్నీస్, బొబ్బలెక్కిన పిడికిలి ఎత్తింది. "నెరీడా!" ఆ వెనకే విద్యార్థులు. ఆ వెనకే వీధంతా.

పోలీసులు ఒడెస్సా చేతులు విరిచికట్టి ఠాణాకు ఈడ్చుకుపోయారు. వాళ్లను పిలిచింది కమిటీయే. విగ్గు మాత్రం వాళ్లకు చిక్కలేదు. చేతులు మారి మారి యారిట్సాకు చేరింది.

"పేరు పిలిచాంగా. ఇక లోపల పెడదామా?" అడిగింది బర్నీస్.

యారిట్సా మెడ తడుముకుంది. అక్కడ వెచ్చటి ఊపిరి.

"పోనంటోంది," అంది. "అమ్మ లేకుండా ఇంటికి రాదట."

విగ్గు ఇప్పుడు ఠాణా ముందు కర్ర మీద నిలబడి ఉంది. కూలన్నల్లారా, విద్యార్థుల్లారా, అక్కడికి రండి. ఒడెస్సాను వదలమనండి. చట్టంలోంచి కొట్టేసిన మా మాటను తిరిగి రాయమనండి. కమిటీ పెద్దల్లారా, మీరూ రండి. వచ్చి, ముందు ఆమె పేరు పిలవండి. ఆమె పేరే పిలవండి.