ముగ్గుపిండి ఓడ

సావిడి కడిగి, తడి ఆరకముందే నారాయణమూర్తి ముగ్గుపిండి తెమ్మన్నాడు. ఓడలో గది ఎలా ఉంటుందో ఇంటిల్లిపాదికీ చూపిస్తాడట. వేసవి సెలవులకి అండమానులో కొట్టు పెట్టుకున్న తమ్ముడి దగ్గరికి ప్రయాణం. కోటబొమ్మాళిలో రైలు, విశాఖపట్నం రేవులో ఓడ.

మగవాడి చేతిలో పిండి నిలవదు. రెండు గీతలు వంకర పోగానే పెళ్లాన్ని పిలిచాడు. ఆయన చెబుతుంటే కన్యాకుమారి గీసింది. తలుపు ఇక్కడ. ఎదురుగా గుండ్రటి కిటికీ, అది తెరుచుకోదు. ఈ గోడకి మంచం మీద మంచం, ఆ గోడకి మంచం మీద మంచం. మధ్యన ఒంటి మనిషి నడిచే దారి.

పై పడకలు తనకీ కొడుకు చినబాబుకీ అన్నాడు. కింద ఒకటి తల్లి సుభద్రమ్మకి. రెండోది ఆవిడ దేవుడి పెట్టెకీ, మడి బిందెకీ, పచ్చళ్ల జాడీలకీ. ఓడలో నానా జాతులూ తిరుగుతారు, మడి సామాను నేల మీద పెట్టకూడదు.

"నాన్నా, మరి అమ్మా, నేనూ?" అంది పదేళ్ల గౌరి.

"మీరు అడుగు అంతస్తులో. అక్కడ వరసగా బల్లలుంటాయి. ఆడోళ్లేటి, ఎక్కడేనా సర్దుకుంతారు. మీ అమ్మకి ఓడ అలవాటే గదా."

అలవాటే. యుద్ధం నాడు రంగూను నుంచి వచ్చిన ఓడలో తల్లి ఒళ్లో కూర్చున్న పిల్ల కన్యాకుమారి. తండ్రి పైన మగాళ్లతో ఉన్నాడు. కిందైతే ఆడవాళ్లకి మరుగు అని ఆయనే దింపాడు. సముద్రం పొంగగానే పైన దిగుడు దారి మీద చెక్కలు పరిచి, టార్పాలిన్ కప్పి బిగించారు. చీకటి, వాంతులు, ఎవరి చెయ్యి ఎవరిదో తెలియదు. తల్లి చెయ్యి మాత్రం ఆమెకి తెలుసు. చెక్కలు తీసేసరికి అది చల్లబడి ఉంది. ఆ సంగతి పెళ్లైన కొత్తలో మొగుడికి చెప్పింది. ఆయనకి అందులో గుర్తున్నది ఒక్కటే, ఆమె ఓడెక్కిందని. ఈ ప్రయాణం కుదిరాక, కడుపు ఖాళీగా ఉంచొద్దనీ, శొంఠి నమలమనీ, నిమ్మకాయ వాసన చూడమనీ, కింద పడకకి ఊపు తక్కువనీ ఆమె చెప్పినవే ఆయన బజారులో తన తెలివిగా పంచిపెట్టాడు. ఊపు తక్కువ పడక దేవుడి పెట్టెకి పోయింది.

ఆమె ఒక్కసారే అడిగింది. తను కింద ఉంటుంది, పెట్టె దించి పిల్లకి ఆ పడక ఇమ్మని.

"దేవుణ్ణి నేలకి దింపమంతావేటే?" అంది సుభద్రమ్మ. "పిల్ల నీ కాడుంటాది. పూటపూటకీ నువ్వు పైకొచ్చి నాకు వడ్డించి పోదువు."

తర్వాత పిండివంటలు మొదలయ్యాయి. కన్యాకుమారి పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఇరుగుపొరుగు వచ్చి ముగ్గు ఓడని చూసి వెళుతుంటే, చెరగకుండా దాని చుట్టూ ఊడ్చింది. ప్రయాణం ముందునాడు భావనపాడు నుంచి వాళ్ల కొట్టుకి నూనెకొచ్చిన బెస్త అసిరమ్మ పెరటి గుమ్మంలో ఆగింది.

"గాలి తిరిగినాదమ్మా. మావోలు తెప్పలు ఒడ్డుకి లాగేసినారు."

ఆ మాట మొగుడికి చెబితే నవ్వాడు. తెప్పకీ ఓడకీ సాపత్యమా అన్నాడు. ఆ రాత్రి తూర్పు తలుపు దానంతటదే కొట్టుకుంటూనే ఉంది. గౌరి నిద్రలో తల్లి చెయ్యి పట్టుకుంది. చిన్న చెయ్యి, వెచ్చగా ఉంది.

తెల్లవారింది. బండి వాకిట్లోకి వచ్చింది. పెట్టెలన్నీ తనే ఎక్కించి, కన్యాకుమారి గడప లోపల నిలబడింది. గౌరి భుజం మీద చెయ్యి వేసింది.

"మేం రాం. మీరెళ్లండి."

నారాయణమూర్తి గడియారం చూసుకున్నాడు. రైలు ఆగదు, టిక్కెట్లు వెనక్కి పోవు. జవాబు తల్లి ఇచ్చింది. "రాకపోతే మానె. పిండివంటల డబ్బాలు ఎక్కించినాదా లేదా, అది సూడరా."

డబ్బాలు చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. బండి కదిలింది.

ఎవరైనా ఊరు బయల్దేరితే ఆ వెంటనే ఇల్లు ఊడవరు. కాపురానికి వచ్చిన కొత్తలో, మొగుడు సరుక్కి శ్రీకాకుళం బయల్దేరగానే ఆమె తెలియక చీపురు పట్టింది. సుభద్రమ్మ అది లాక్కుని వీపు మీద రెండు వేసింది. శవం లేచిన ఇంటినే అలా ఊడుస్తారే అని ఆ పూట అన్నం పెట్టలేదు. అప్పట్నుంచి ఆయన ఎప్పుడు వెళ్లినా, పొద్దువాలేదాకా ఆమె దుమ్ములోనే తిరిగింది.

బండి ఇంకా వీధి మలుపు తిరగలేదు. కన్యాకుమారి మూల నుంచి చీపురు తీసింది. తలుపులు బార్లా తెరిచి, తెరుచుకోని కిటికీ దగ్గర మొదలుపెట్టింది. ఒక పడక పోయింది. దాని ఎదుటిది పోయింది. తెల్లటి పిండి గడప దాటి వాకిట్లోకి లేచింది.

"అమ్మా, నాయనమ్మ వెనక్కి తిరిగి సూస్తన్నాది" అంది గౌరి.

"సూడనీ."