మూడు తాళాల పెట్టె

నేను ఒక పెట్టెను. పెరూ దేశంలో, ఆండీస్ కొండల మీద, పుకాకంచ అనే అరవై గడపల ఊరి చర్చిలో రెండు వందల ఏళ్లు ఒక మూల కూర్చున్నాను. నన్ను చేసిన వడ్రంగి మూతకీ పక్కలకీ చేవ ఉన్న కలప వాడాడు. అడుగుకి వచ్చేసరికి అది అయిపోయింది. ఏదో మెత్తటి చెక్క కొట్టి ఊరుకున్నాడు. అడుగు ఎవరు చూస్తారు?

మనుషులు చూసేది మూతనే. దానికి మూడు తాళాలు వేసి, తాళంచెవులు మూడు ఇళ్లవాళ్లకిచ్చారు: విల్కాలు, సుల్కాలు, కవానాలు. వాళ్లు ఒకరినొకరు నమ్మరు. అందుకే ఊరు ముగ్గురినీ నమ్మింది. నాలో ఊరి పట్టా ఉండేది. ఏటి అవతలి గడ్డిబీడు ఊరిదని అందులో రాసి ఉంది. ఆ బీడు పోతే వానల్లేని నెలల్లో గొర్రెలకు మేత ఉండదు. గొర్రెలు పోతే ఊరే ఉండదు.

ఏటా బంగాళాదుంప నాటే ముందు రోజు ముగ్గురూ వచ్చి నన్ను తెరిచేవారు. ఎర్రగుడ్డలో చుట్టిన పట్టాను ఊరంతా వరసగా ముద్దు పెట్టుకునేది. మళ్లీ నాలో పెట్టి తాళాలు వేసేవారు. మూట విప్పడం మాత్రం అపచారం.

కిందటేడు దిగువ ఎస్టేటు వారసులు బీడు తమదన్నారు. సర్వేయరు వచ్చి అసలు కాగితం చూపమన్నాడు. సాయంత్రంలోగా చూపకపోతే ఎస్టేటు పేరున రాసుకుపోతానన్నాడు. తాళాలు తీశారు. ఊరిపెద్ద ఎవారిస్తో విల్కా మూట విప్పాడు. లోపల మొక్కజొన్న పొత్తుల తొక్కలున్నాయి.

ఆ సంగతి నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. సుల్కా విల్కాను దొంగన్నాడు. కవానా ఇద్దరినీ అన్నాడు. సర్వేయరు వాచీ చూసుకున్నాడు. చర్చి ఊడ్చే ముసలామె బసిలియా చీపురు గోడకానించి ఇంటికెళ్లింది. గొర్రెతోలులో చుట్టిన కాగితం తెచ్చి సర్వేయరు చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది, అవ్వా?" అన్నాడు ఎవారిస్తో.

"కిందనుంచి వచ్చింది నాయనా. పదకొండేళ్ల కిందట ఊడుద్దామని పెట్టె జరిపితే అడుగు ఊడిపోయింది. ఎలుకలు అప్పటికే పట్టాను ఒక మూల కొరికాయి. కాగితం తీసి, గుడ్డలో తొక్కలు కుక్కి, చెక్కకు మేకులు కొట్టాను."

"మాకో మాట చెప్పొద్దూ?"

"చెబితే ఇందాకటి పనే అప్పుడూ చేసేవాళ్లు. తాళాలు మీరు కాయండి, కాగితం నేను కాస్తాననుకున్నాను."

కవానా గొంతు తగ్గించాడు. "అయితే పదకొండేళ్లుగా మేం ముద్దు పెట్టుకున్నది..."

"మా చేలో పొత్తులవే. మంచివే."

ముందు సుల్కా నవ్వాడు. సర్వేయరు నవ్వలేదు, చదువుతున్నాడు. ఎలుకలు తిన్నది రాత లేని అంచు. హద్దులన్నీ ఉన్నాయి: ఏరు, ఊట, తెల్లబండ. బీడు ఊరిదేనని ముద్ర వేసి సంతకం పెట్టాడు. ఎవారిస్తో నా మూత వేసి దాని మీద కూలబడ్డాడు.

పట్టా బసిలియా దగ్గరే ఉండాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. నేనెందుకని ఎవరో అడిగితే, విత్తనపు దుంపలకు పనికొస్తానని ఆమె నన్నూ ఇంటికి మోయించుకుపోయింది. తాళాలు పీకేశారు. మూత తెరిచే ఉంచుతుంది, గాలాడకపోతే దుంపలు కుళ్లిపోతాయట. రెండు వందల ఏళ్లకి నాకూ గాలి తగులుతోంది.