సాగనంపడం గిట్టని కారు

అక్క సంచి సర్దడం ఇది మూడోసారి. తువ్వాలు అడుగున పెట్టింది, మళ్ళీ తీసి పైన పెట్టింది. మందుల డబ్బా పక్క జేబులోకి తోసి, దాని మీద స్వెట్టరు కుక్కింది. మంచం మీద కూర్చున్న తమ్ముడు కాళ్ళూపుతూ చూస్తున్నాడు. ఆయనకి డెబ్భై దాటినా అక్కకి ఇంకా బుజ్జోడే.

"నేను వెళ్ళేది మనవరాలి ఇంటికక్కా, యుద్ధానికి కాదు."

"నోరు మూసుకో. కళ్ళజోడెక్కడ?"

"నా ముక్కు మీద."

ఎవరైనా గుమ్మం దాటుతున్నారంటే చాలు, అక్క చేతులు ఊరుకోవు. ఈ నెల రోజులూ ఇల్లంతా రంపపు పొట్టు, నవ్వులు. తమ్ముడు వడ్రంగి. నెలలు నిండిన మనవరాలికి పుట్టబోయే బిడ్డ కోసం ఇక్కడే కూర్చుని చెక్క ఉయ్యాల చేశాడు. బిడ్డ కళ్ళు తెరిచేసరికి ఉయ్యాలతో ఎదురుగా ఉంటానని మాటిచ్చాడు. దాన్ని పైన కట్టి స్టేషన్‌కి చేర్చడానికి కడ్డీలున్నది ఇంటి పాత కారుకే. రైలు మధ్యాహ్నం.

అక్క కూతురు వచ్చి కారు తాళం తిప్పింది. ఇంజను గరగరమంది తప్ప అంటుకోలేదు.

"మొదలెట్టింది మహాతల్లి!" అంది కూతురు. ఇంటి ముందు షెడ్డు ఆమెదే, వీధిలో సగం కార్లు ఆమె చేతిమీదుగానే నడుస్తాయి. సొంత కారు మాత్రం ఆమె మాట వినదు. తన పెద్దమ్మాయి చదువుకి బయల్దేరిన రోజు సందు చివర ఆగిపోయింది. ఆడపడుచుని స్టేషన్లో దింపడానికి వెళ్ళినప్పుడు వంతెన మీద ఆగిపోయింది. ఒకటి రెండు రోజులు అలా వదిలేస్తే ఏమీ ఎరగనట్టు దానంతటదే కదిలేది. బ్యాటరీ మార్చింది, పెట్రోలు పంపు మార్చింది, లాభం లేకపోయింది.

"సాగనంపడమంటే దీనికి గిట్టదు, అచ్చం మా అక్కలాగే," అన్నాడు తమ్ముడు.

సామానంతా మళ్ళీ లోపలికి చేరింది. అక్క కూడా తువ్వాలు చుట్టిన తన స్టీలు క్యాన్ని కారులోంచి తీసి వంటింట్లో పెట్టింది. మనసులో ఓ మూల చిన్న సంబరం. రైలు తప్పితే బుజ్జోడు ఇంకో వారం ఉంటాడు.

కూతురు కారుకి స్కానరు తగిలించింది. కాసేపు తెర మీద ఏమీ రాలేదు.

"ఇంజను కంప్యూటర్ పలకట్లేదు మామయ్యా."

"పోయిందా?"

"అప్పుడే దాన్ని చంపేయకు. కరెంటు అందకపోయినా పలకదు."

ఫ్యూజులు చూసింది, బాగున్నాయి. మీటరు పెట్టి చూసింది, కరెంటు వస్తోంది. అంతలో స్కానరు ఒక్కసారిగా మేలుకుని అరడజను తప్పులు చూపించింది. ఆ సెన్సరు పోయింది, ఈ సెన్సరు పోయింది అంటూ.

"ఇన్ని ఒకేసారి పోవు. అన్నీ కలిసేచోటే ఏదో తేడా ఉంది."

డ్రైవరు పక్క సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తింది. దాని కిందే ఉంటుంది కంప్యూటర్ పెట్టె. కార్పెట్ పిండితే నీళ్ళు కారాయి. వైర్ల గుత్తి ఊడదీస్తే లోపలి పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

"నీళ్ళు! వాన లేదు, ఏసీ లేదు. ఎక్కడివివి?" కూతురు నడుం మీద చేతులు పెట్టుకుంది. "అదేంటో తెలిసేదాకా ఈ కారు కదల్చను. దారిలో ఆగితే నువ్వు, ఉయ్యాల, నడిరోడ్డు."

తమ్ముడి మొహం మొదటిసారి వాడింది. "అయితే ఈసారికి బిడ్డే నాకోసం చూడాలేమో," అని ఉయ్యాల అంచు నిమిరాడు.

అక్క వంటింట్లోకి వెళ్ళింది. తువ్వాలు చుట్టిన క్యాన్ పెట్టినచోట గచ్చు మీద గుండ్రటి తడి. తువ్వాలు విప్పి చూసింది. అడుగున అతుకు దగ్గర చెమరుస్తోంది. ఎవరు ఊరెళ్ళినా, మర్చిపోతానన్న భయంతో ముందురోజే ఆ క్యాన్ నిండా నీళ్ళు పోసి కారులో డ్రైవరు పక్క సీటు ముందు పెట్టేది. దారిలో గొంతెండి అల్లాడతారని బెంగ. సీసాల్లో నీళ్ళంటే ఆమెకి నమ్మకం లేదు.

తువ్వాలు మళ్ళీ చుట్టేసి ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. వారమంతా బుజ్జోడు ఎదురుగా కూర్చుని నవ్విస్తాడు. షెడ్డులోంచి ఉయ్యాల కిర్రుమంది. ఉత్తదాన్నే ఊపుతున్నాడు.

అక్క క్యాన్ తెచ్చి కూతురి ముందు ఠప్పుమని పెట్టింది. "ఇదిగో నీ దొంగ!"

కూతురు క్యాన్ని చూసింది, కార్పెట్ని చూసింది, నేల మీద చతికిలబడి నవ్వడం మొదలెట్టింది. "అమ్మా! పెట్రోలు పంపు మార్చానే! ఊళ్ళో అందరి కార్లూ బాగుచేస్తూ, ఇంట్లో నీ క్యాన్ కనిపెట్టలేకపోయానే!"

"దాహమేస్తుందని..."

"దాహం మనుషులకమ్మా, కంప్యూటర్‌కి కాదు!"

తమ్ముడు కళ్ళజోడు తీసి కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కూతురు పిన్నుల మీద మందు కొట్టి, బ్రష్షుతో రుద్దింది. పెట్టె విప్పి చూస్తే అదృష్టవశాత్తూ తడి లోపలికి పాకలేదు. జుట్టు ఆరబెట్టే మిషను పట్టుకుని కూర్చోవడం అక్క వంతు. "ఆరవే తల్లీ, ఆరు," అంటూ పసిపిల్ల తలార్చినట్టే ఆర్చింది. అన్నీ బిగించి తాళం తిప్పగానే ఇంజను ఒక్క పెట్టున అందుకుంది. ముగ్గురూ ఒకేసారి కేకేశారు. ఎదురింటాయన కిటికీలోంచి తొంగిచూశాడు.

ఉయ్యాల పైకెక్కింది. తమ్ముడు క్యాన్ ఇమ్మని చేతులు చాపాడు.

"కారుతుందిరా!"

"ఒళ్ళో పెట్టుకుంటాలే. రైల్లో వాళ్ళు ముసలాడు పని కానిచ్చేశాడనుకుంటారు, అంతేగా."

అక్క పడీపడీ నవ్వింది. సందు చివరిదాకా ఆ కారు ఎక్కడా ఆగలేదు. సాయంత్రానికి ఫోనొచ్చింది. ఉయ్యాల క్షేమంగా దిగిందని. మర్నాడు పొద్దున్న ఇంకో ఫోను. ఆడపిల్ల, అచ్చం అక్క ముక్కేనట.

తమ్ముడు మళ్ళీ రాలేదు. పాప ఉయ్యాల దిగి నడక నేర్చిన చలికాలంలో, మనవరాలి ఇంట్లోనే, నిద్రలో పోయాడు.