చాయ్ తాగేలోపు సీటు

చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి కాస్త లోపలికి వెళితే, ఒక్క షట్టరున్న దుకాణంలో స్వరూప ఆటోలకు సీట్లు కుట్టేది. ఆ పని తండ్రి సీమోను దగ్గర నేర్చుకుంది. ఆయన మొదట్లో సినిమా హాళ్ల కుర్చీలకు, తర్వాత ఆటోలకు రెగ్జిన్ కుట్టి ముప్పై అయిదేళ్లు బతికాడు. కుడిచేయి వణకడం మొదలయ్యాక మిషను కూతురికి అప్పగించి, తను పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. రోజూ పొద్దున్నే ఇద్దరూ జహనుమాలోని ఇంటి నుంచి కలిసి వచ్చేవారు.

పని బాగుంటుందని పేరైతే ఉంది కానీ వారానికి రెండు మూడు బండ్లకు మించి వచ్చేవి కావు. స్వరూప ధర తగ్గించి చూసింది. కొత్త బోర్డు రాయించింది. రెండు నెలలు గడిచినా వచ్చే బండ్ల లెక్క మారలేదు.

ఒకరోజు యూసుఫ్ అనే డ్రైవరు బ్రేకు బిగించుకోవడానికి పక్క మెకానిక్ దగ్గర ఆగాడు. ఆయన బండి వెనక సీటు చినిగి, లోపలి స్పాంజి బయటికి వచ్చేసింది. వానకు తడిసి వాసన కూడా వేస్తోంది. ఇంత పాడయ్యేదాకా ఎందుకు ఆగావని స్వరూప అడిగింది.

"కుట్టుడు మంచిగనే ఉంటది దీదీ. పైసల ఫికర్ గూడ లేదు," అన్నాడు యూసుఫ్. "కానీ నీ తాన బండి పెడితే దినమంత పోతది. ఒక్కరోజు నేను పోకుంటె స్కూల్ పిల్లల అమ్మనాయనలు వేరే ఆటో మాట్లాడుకుంటరు."

ఆ మాట స్వరూపను వదల్లేదు. ఇన్నాళ్లూ తను చెప్పే ధర గురించీ, వేసే కుట్టు గురించీ ఆలోచించింది. బండి ఆగిపోయిన ఆ రోజంతా డ్రైవరు ఏం పోగొట్టుకుంటాడో ఎప్పుడూ ఆలోచించలేదు. నాలుగు రోజులు మిషను ముందు కూర్చుని అదే ఆలోచించాక, ఆమెకు ఒక దారి తోచింది. అడుగున వేసే చెక్క పలక, స్పాంజి, రెగ్జిన్ అన్నీ కలిపి ముందే సీటు తయారుచేసి ఉంచాలి. బండి రాగానే పాత సీటు విప్పి కొత్తది బిగించి పంపెయ్యాలి. పాతదాన్ని తీరిగ్గా బాగుచేసి ఇంకో బండికి వాడుకోవచ్చు.

సీమోనుకు ఇది నచ్చలేదు. "ఒక బండి సీటు ఇంకో బండికెట్ల కూసుంటది బిడ్డా? దర్జీ మనిషిని చూడకుంట అంగీ కుడ్తడా?" అన్నాడు. రెడీమేడ్ అంగీలు కూడా జనం కొంటున్నారు కదా అని ఆమె అంది. ఆయన వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

బస్సు డిపోలో మెకానిక్ అయిన ఆమె భర్త డానియేలు, సెలవురోజున పలకలకు బోల్టు రంధ్రాలు వేసిపెట్టాడు. మొదటి సీటు యూసుఫ్ బండికి బిగించారు. ఆయన చాయ్ తాగి వచ్చేసరికి బండి సిద్ధంగా ఉంది. సీటు మీద రెండు మూడుసార్లు కూర్చుని లేచి చూసుకుని, నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆయన చెప్పగా ఆ వారంలోనే ఆరు బండ్లు వచ్చాయి.

ఏడో బండి నగేష్‌ది. మూడున్నరకు బడి దగ్గర పిల్లలను ఎక్కించుకోవాలి, రెండున్నరకు వచ్చాడు. అర్ధగంట చాలని స్వరూప చెప్పింది. పాత సీటు విప్పాక చూస్తే, ఆ బండి ఎప్పుడో దెబ్బతిని వెనక భాగం మార్చిన బండి. కొత్త పలక రెండు వేళ్లు పెద్దదైంది, రంధ్రాలు ఒక్కటీ కలవలేదు. కోసి, మళ్లీ రంధ్రాలు వేసేసరికి నాలుగు దాటింది. మధ్యలో స్వరూప యూసుఫ్‌కు ఫోన్ చేసి బతిమాలితే, ఆయన తన స్కూల్ ట్రిప్పు అయ్యాక వెళ్లి ఆ పిల్లలను కూడా ఇళ్లకు చేర్చాడు.

నగేష్ లొల్లి చేయలేదు. "కుట్టుడుకు వంక పెడ్తలేను అక్కా. అర్ధగంట అన్నవని నీ మాట మీద వచ్చిన," అని మాత్రం అన్నాడు.

ఆయన తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. షట్టరు దించుతూ, రేపటి నుంచి మళ్లీ పాత పద్ధతిలోనే కుడతానని తండ్రితో చెప్పింది. తను ముందే చెప్పానని అంటాడేమో అనుకుంది. సీమోను అలా అనలేదు.

"బండి కొలత నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"దుకాణం ముంగటికి వచ్చినంక."

"గదే తప్పు. బండి ఈడికి రాకముందే కొలత మన తాన ఉండాలె. నాకు టేపియ్యి, రేపటి సంది నేనే అడ్డ మీదికి పోత."

మర్నాడు సీమోను ఆటోలు నిలిచే అడ్డాకు వెళ్లాడు. గిరాకీ లేక కూర్చున్న డ్రైవర్ల మధ్య కూర్చుని చాయ్ తాగాడు. ఒక్కొక్క బండి వెనక్కి వెళ్లి టేపు పెట్టి, కొలతలూ బండి నంబరూ రాసుకున్నాడు. వంకరపోయిన బండ్లను చూడగానే గుర్తుపట్టేవాడు. మిషను మీద నిలవని చేయి టేపు మీద బాగానే నిలిచింది. కొలత తీస్తుంటే డ్రైవర్లు మాటల్లో పడేవారు. ముసలివాళ్లు ఎక్కడానికి సీటు ఎత్తుగా ఉందని ఒకరు, సంచులు పెట్టుకునే చోటు లేదని మరొకరు చెప్పేవారు. సీమోను ఆ మాటలన్నీ వచ్చి కూతురికి చెప్పేవాడు. స్వరూప సీటు అంచు కొంచెం దించింది, కింద సంచికి చోటు వదిలింది. ఆ తర్వాత చెప్పిన వేళ దాటి ఏ బండీ ఆలస్యం కాలేదు. నగేష్ కూడా తన అడ్డా నుంచి నలుగురిని పంపాడు.

ఏడాది తిరిగేసరికి పక్క షట్టరు కూడా తీసుకున్నారు. జహనుమాలో బట్టలు కుట్టుకునే నాగమణమ్మ, సాయిప్రియ ఇప్పుడు ఆమె దగ్గరే పనిచేస్తున్నారు. రెగ్జిన్ మీద సూది విరగకుండా కుట్టడం వాళ్లకు నేర్పడానికి స్వరూపకు మూడు వారాలు పట్టింది. ఇంకొకరికి పని చెప్పడం మొదట్లో బెరుకుగా ఉండేది. ఇప్పుడు మధ్యాహ్నం నలుగురూ డబ్బాలు విప్పుకుని కూరలు పంచుకుంటుంటే, దుకాణం నిండుగా అనిపిస్తుంది.

మొన్న మంగళవారం సీమోను అడ్డా నుంచి ఒక డ్రైవరును వెంటబెట్టుకొచ్చాడు. ఆయనది కొత్త కరెంటు ఆటో. బ్యాటరీ సీటు కిందే ఉంది కాబట్టి, సీటు ఎత్తి దించేలా ఉండాలి. ఇలాంటి బండ్లు అడ్డా మీద ఇప్పటికే పదకొండు లెక్కపెట్టానని సీమోను చెప్పాడు. స్వరూప చేతిలో పని పక్కన పెట్టి, పెద్ద అట్టముక్క నేల మీద పరిచింది. తండ్రి కొలతలు చెబుతుంటే మోకాళ్ల మీద కూర్చుని గీతలు గీసుకుంది. సీటు పైకి లేవడానికి బిగించే కబ్జాలు వెనకవైపు పెట్టాలా, పక్కకు పెట్టాలా అని ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు.