అడుగున్నర గీత

"కళ్లు కనబడటం లేదా? చూడు, ఎంత పచ్చగా వెలుగుతోందో!" నీటిపారుదల ఆఫీసు గోడకున్న తెరను పెన్నుతో పొడుస్తూ అన్నాడు ఇంజనీరు. "రెండడుగుల రెండంగుళాలు. వాగు నిండుగా ఉంది. ఇంకా కరువేంటమ్మా కరువు?"

తెర ముందు నిలబడ్డ ఆమెను ఊరంతా గేజమ్మ అంటుంది. వాగులో పాతిన గేజు కొలబద్ద దగ్గర పద్దెనిమిదేళ్లు రోజుకు మూడుసార్లు నిలబడి, నీటి మట్టం చదివి ఆఫీసుకు చెప్పిన మనిషి. కిందటేడు మిషన్ వచ్చింది, ఆమె పని పోయింది. ఆ మిషన్ పావుగంటకోసారి మట్టం కొలిచి తెర మీదకు పంపుతుంది. అడుగున్నర గీత కన్నా తగ్గిందా, ఎగువనున్న పెద్ద ఆసామి తోటలకు నీళ్లు లాగే పన్నెండు మోటార్లు వాటంతటవే ఆగిపోవాలి. మిగిలిన నీళ్లు దిగువ పొలాలకు రావాలి. అదీ కరువు నిబంధన. ఆ కాగితం మీద ఆసామి నవ్వుతూ సంతకం పెట్టాడు. ఆ నవ్వు చూసినప్పుడే మనకు బుద్ధి రావాల్సింది.

"సార్, నేను వాగులోంచే నడిచొచ్చాను. చెప్పు కూడా తడవలేదు," అంది గేజమ్మ.

"ఓహో! లక్షల మిషన్ కంటే నీ చెప్పు గొప్పదా?"

గుమాస్తాలు ఇకిలించారు. వాళ్లలో ఒక్కడూ ఈ ఏడాది వాగు మొహం చూసిన పాపాన పోలేదు. గేజమ్మ బయటికొచ్చింది.

మరిది కౌలుకు చేస్తున్న మొక్కజొన్న దారిలోనే ఉంది. ఆకులు చుట్టలు చుట్టుకుపోయాయి. కంకి పాలు పోసుకునే వేళ. పది రోజుల్లో తడి అందకపోతే పశువుల మేతకు తప్ప ఎందుకూ పనికిరాదు. ఒక్క మరిదిదేమిటి, దిగువనున్న నూట నలభై ఇళ్లదీ అదే గతి.

వంతెన దగ్గర ఆగి కిందికి చూసింది. అటు ఇసుక, ఇటు ఇసుక. మధ్యలో బట్టలుతుక్కునే మడుగు. మిషన్ గొట్టం దాంట్లోనే దిగి ఉంది. ఆమె గబగబా ఊరి వైపు నడిచింది.

సాయంత్రం బడి వసారాలో జనం కూడారు. గేజమ్మ నిలబడే చెప్పింది.

"తప్పు నాదే. మిషన్ పెట్టేరోజు ఆ ఇంజనీరు, 'ఏడాది పొడవునా నీళ్లుండే చోటు చూపించమ్మా' అన్నాడు. మిషన్ తడిలో ఉండాలేమో అనుకుని, తగుదునమ్మా అంటూ మడుగు చూపించాను. వాగు చచ్చినా మడుగు ఎండదు. పారే నీళ్లు కొలవాల్సిన మిషన్ నిలవనీళ్లు కొలుస్తోంది."

"అయ్యో వదినా!" మరిది తల పట్టుకున్నాడు.

"వదిన తప్పేంటిరా?" కసిరింది ఆమె అత్త. "చదువుకున్నోడు వాడా, ఇదా?"

"అర్జీ పెడదాం," అన్నారు మాస్టారు.

"పెట్టినవి ఏమయ్యాయి మాస్టారూ? దున్నపోతు మీద వాన!" మరిది లేచాడు. "గడ్డపార పట్టుకెళ్లి ఆ మిషన్ని పొడిచేస్తే పీడ పోతుంది."

"పొడిస్తే చివరి లెక్కే ఖాయం చేస్తారు బాబాయ్," అంది కాలేజీ పిల్ల. నిబంధన మొత్తం చదివింది ఆ పిల్ల ఒక్కతే. "రెండడుగుల రెండంగుళాలు. వానలు పడేదాకా అంతే."

"మిషన్ని ఎవరూ ముట్టుకోవద్దు," అంది గేజమ్మ. "పాపం, చూసింది చూసినట్టు చెప్తోంది అది. మడుగునే తోడేద్దాం."

అత్త పకపకా నవ్వింది. "మా ఇంట్లో నాలుగు బిందెలున్నాయి. మీ ఇళ్లలో ఎన్నున్నాయో చెప్పండి."

తెల్లవారాక రెండువందల మంది మడుగులో దిగారు. ఆసామి తోటల్లో కూలికి పోయేవాళ్లు కూడా ఆ పూట కూలి మానుకుని వచ్చారు. వాళ్ల పిల్లలు తాగే బావులూ దిగువనే ఉన్నాయి మరి. బిందెలు, బకెట్లు, డబ్బాలు చేతులు మారుతూ పొలాల్లోకి పోయాయి. చుక్క వృథా కాలేదు. కాలేజీ పిల్ల ఫోన్లో చూసి అరిచింది: "అడుగూ తొమ్మిదంగుళాలు!"

అప్పుడొచ్చింది జీపు. పోలీసుల వెనక ఇంజనీరు, వాగుకు దారి ఎప్పట్నుంచో తెలిసినవాడిలా దిగాడు.

"డేటా పాడుచేస్తున్నారు! ఇది నేరం!"

"పన్నెండు మోటార్లతో ఆసామి తోడితే సాగు, బిందెతో మేం తోడితే నేరమా?" అంది గేజమ్మ. "ఏ చట్టంలో ఉందో చదివి వినిపించండి."

చదివి వినిపించే ఓపిక వాళ్లకెక్కడిది? ఆమె రెక్క పట్టుకుని జీపెక్కించారు. జీపు మలుపు తిరుగుతుంటే ఎదురుగా ఆసామి ట్యాంకర్లు రెండు, నిండా నీళ్లతో మడుగు వైపు పోయాయి. దాహానికి ఒక్క ట్యాంకరు పంపమంటే మూడు నెలలుగా దిక్కులు చూసిన మహానుభావుడు!

స్టేషన్లో ఆమెను బల్ల మీద కూర్చోబెట్టారు. ఇంజనీరు ఎదురుగా కూర్చుని ఫిర్యాదు రాస్తూ, ట్యాబు ఆమె వైపు తిప్పాడు.

"చూశావా? అడుగూ పదకొండు. ఎక్కుతోంది. నువ్వు లేకపోతే ఆ గొర్రెలు ఒక్క గంట కూడా నిలబడవు."

నిజంగానే చెదిరిపోయారా? పోలీసులు కొట్టారా? ముసలి అత్త నీళ్లలోనే ఉంది కదా! గేజమ్మ చీర కొంగు పిండుకుంటూ ఆ అంకె వంకే చూస్తూ కూర్చుంది.

పావుగంట గడిచింది. అడుగూ తొమ్మిది.

ఇంజనీరు ట్యాబును వేలితో తట్టాడు. ఇంకో పావుగంటకు అడుగూ ఏడు. రాస్తున్న పెన్ను ఆగిపోయింది. ఆ తర్వాతి పావుగంటకు పచ్చరంగు పోయి తెరంతా ఎర్రబడింది. వెంటనే అతని ఫోన్ మోగింది. అవతల ఆసామి గొంతు గది మొత్తానికీ వినబడింది: "మోటార్లు ఆగిపోయాయి! పన్నెండూ! ఏం పీకుతున్నావయ్యా అక్కడ?"

గేజమ్మ లేచి నిలబడింది. తెరలోని అంకె చూసింది, గోడ గడియారం చూసింది. పద్దెనిమిదేళ్లు రోజుకు మూడుసార్లు పలికిన గొంతుతో, స్టేషన్ అంతా వినేలా చదివింది.

"పదకొండూ ముప్పావు. అడుగూ అయిదంగుళాలు. మావాళ్లు ఇంకా తోడుతూనే ఉన్నారు, రాసుకోండి సార్."